కేఎస్‌జీఏ మిథైలేషన్ అస్సే: 30ఎస్‌కు నాలుగు మిథైల్స్ ఎందుకు ఎక్కడం లేదు?

అనూష_పీహెచ్‌డీ

ఈ.కోలై కేఎస్‌జీఏ (ఆర్‌ఎస్‌ఎంఏ అనేది దీని కొత్త పేరు) అస్సే గురించి సాయం కావాలండీ. 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ (రైబోజోమ్ చిన్న సబ్‌యూనిట్ 30ఎస్‌లోని ఆర్‌ఎన్‌ఏ)లో ఎ1518, ఎ1519 అనే అడినిన్లు రెండింటికీ చెరో రెండు మిథైల్ గ్రూపులు పెట్టే ఎంజైమ్ కాబట్టి 30ఎస్‌కు మొత్తం నాలుగు రావాలి.

ప్రోటీన్: హిస్ ట్యాగ్‌తో, బీఎల్21 డీఈ3 స్ట్రెయిన్‌లో. నికెల్ కాలమ్ తర్వాత జెల్ మీద 30 కిలోడాల్టన్ల దగ్గర ఒకటే బ్యాండ్.
30ఎస్: ఎంఆర్‌ఈ600 స్ట్రెయిన్ నుంచి.
బఫర్: ట్రిస్ 40 మిల్లీమోలార్ (పీహెచ్ 7.4), అమ్మోనియం క్లోరైడ్ 40, మెగ్నీషియం ఎసిటేట్ 4, మెర్కాప్టోఇథనాల్ 6.
రియాక్షన్: 50 మైక్రోలీటర్లలో 30ఎస్ 10 పికోమోల్, ఎంజైమ్ 10 పికోమోల్, ట్రిటియం సామ్ (మిథైల్ గ్రూపును ఇచ్చే ఎస్-అడినోసిల్ మెథియోనిన్) 20 మైక్రోమోలార్ (పికోమోల్‌కు 780 సీపీఎం, అంటే నిమిషానికి కౌంట్లు). 37 డిగ్రీలు.

10 మైక్రోలీటర్లు తీసి డీఈ81 కాగితం మీద వేసి, ఐస్‌లో పెట్టిన 5 శాతం టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం)తో రెండుసార్లు కడిగి, ఇథనాల్‌లో ముంచి, ఆరబెట్టి కౌంట్ చేస్తే రెండు గంటల తర్వాత కూడా 500 సీపీఎం. ఎంజైమ్ లేని బ్లాంక్ 150. ఎంజైమ్ పనిచేయడం లేదా?

గ్రేడియెంట్

ఎంజైమ్‌ని అనుమానించే ముందు లెక్క చూద్దాం. 50 మైక్రోలీటర్లలో 10 పికోమోల్ అంటే మీరు తీసిన 10 మైక్రోలీటర్లలో 30ఎస్ 2 పికోమోల్. ఒక్కోదానికి నాలుగు మిథైల్స్ ఎక్కితే 8 పికోమోల్, అంటే 6,240 సీపీఎం రావాలి. మీకు బ్లాంక్ పోగా 350 వచ్చాయి. 350ని 780తో భాగిస్తే 0.45 పికోమోల్, 30ఎస్‌కు 0.22 మిథైల్.

కారణం మీ 30ఎస్‌లోనే ఉంది. ఎంఆర్‌ఈ600 మంచి స్ట్రెయినే. ఆర్‌ఎన్‌ఏజ్-1 లేదు కాబట్టి రైబోజోములు చెక్కుచెదరకుండా వస్తాయి. కానీ దాని సొంత కేఎస్‌జీఏ ఆ నాలుగు మిథైల్స్‌నీ ముందే పెట్టేసింది, మీ ఎంజైమ్‌కు ఖాళీ సీటు లేదు. ఆ 0.22 కూడా ఇంకా పూర్తిగా తయారుకాని కొద్దిపాటి సబ్‌యూనిట్ల మీద వచ్చి ఉంటుంది.

కేఎస్‌జీఏ లేని స్ట్రెయిన్ నుంచి 30ఎస్ తీయాలి. సులువైన దారి కీయో కలెక్షన్ (ఈ.కోలై జీన్లను ఒక్కొక్కటిగా తీసేసిన స్ట్రెయిన్ల సేకరణ)లోని జేడబ్ల్యూ0050. పేరెంట్ బీడబ్ల్యూ25113, కేఎస్‌జీఏ స్థానంలో కనామైసిన్ క్యాసెట్ ఉంటుంది. ఆ జీన్ వెంటనే అపాజీ, అపాహెచ్ జీన్లు ఒకే ఆపరాన్‌లో ఉంటాయి, క్యాసెట్ ప్రభావం వాటి మీదా పడవచ్చు. గ్రోత్ ఫినోటైప్ కూడా చూసే పనైతే పీసీపీ20 ప్లాస్మిడ్‌తో క్యాసెట్ తీసేయండి. అస్సేకి మాత్రమే అయితే క్యాసెట్ ఉన్నా ఇబ్బంది లేదు, అది కనామైసిన్‌ని మార్చేస్తుందే తప్ప రైబోజోమ్‌ని ముట్టదు.

తిరుపతి_బయోకెమ్

అంత కష్టం దేనికి? టీ7 ట్రాన్స్‌క్రిప్షన్‌తో 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ తయారుచేసుకుంటే అందులో ఏ మార్పూ ఉండదు కదా. పెద్ద సబ్‌యూనిట్ 50ఎస్‌లోని 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏను మిథైలేట్ చేసే ఎర్మ్ ఎంజైములకు అలాగే చేస్తారు, 23ఎస్ డొమైన్-5లోంచి 32 న్యూక్లియోటైడ్ల చిన్న హెయిర్‌పిన్ ఇచ్చినా ఎర్మ్ దాన్ని మిథైలేట్ చేస్తుంది.

గ్రేడియెంట్

ఎర్మ్‌కు సరే, కేఎస్‌జీఏకు కుదరదు. రెండింటి ప్రోటీన్ మడత ఒకే కుటుంబానిది, చేసే కెమిస్ట్రీ కూడా ఒకటే: అడినిన్ ఎన్6 మీద రెండు మిథైల్స్. అడిగే సబ్‌స్ట్రేట్‌లో మాత్రం పూర్తిగా వేరు.

ఎర్మ్‌కు కావలసింది ప్రోటీన్లు లేని 23ఎస్, లేదా ఇంకా కట్టుబడిలో ఉన్నది. పూర్తయిన 50ఎస్ ఇస్తే అది మిథైల్స్ పెట్టే ఎ2058 దానికి అందదు. కేఎస్‌జీఏ దీనికి తలకిందులు. ప్రోటీన్లు లేని 16ఎస్‌ని పట్టించుకోదు, 70ఎస్ (30ఎస్, 50ఎస్ కలిసిన పూర్తి రైబోజోమ్)ని కూడా ముట్టదు. దాదాపుగా తయారైన 30ఎస్ కావాలి. ఎందుకంటే అది గుర్తుపట్టేది ఆ రెండు అడినిన్లున్న ఒక్క హెలిక్స్ 45 లూప్‌ని కాదు. 2012లో వచ్చిన క్రయో-ఈఎం నిర్మాణం చూస్తే ప్లాట్‌ఫాం దగ్గర హెలిక్స్ 24, 27, 44, 45 కలిసే చోట కూర్చుని ఉంటుంది. ఆ హెలిక్సులన్నీ తమ తమ స్థానాల్లోకి వచ్చాకే దానికి పట్టు దొరుకుతుంది. అందుకే దీన్ని 30ఎస్ తయారీలో చివరి దశ తనిఖీగా చూస్తారు.

టీ7 ట్రాన్స్‌క్రిప్ట్ మీద చేయాలంటే చిన్న సబ్‌యూనిట్ ప్రోటీన్లన్నీ కలిపి 30ఎస్ రీకాన్‌స్టిట్యూట్ చేయాలి. డిలీషన్ స్ట్రెయిన్ పెంచడం దానికన్నా ఎన్నో రెట్లు తేలిక.

తిరుపతి_బయోకెమ్

అర్థమైంది, ధన్యవాదాలు. స్ట్రెయిన్ నుంచి 30ఎస్ తీసే పద్ధతి కూడా ఇక్కడే రాస్తే తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

గ్రేడియెంట్

రాస్తాను. తప్పులు ఎక్కువగా జరిగే చోట్లే వివరంగా.

కల్చర్‌ని 37 డిగ్రీల్లో పెంచి, ఓడీ (కల్చర్ సాంద్రత కొలత) 0.5–0.6 దగ్గర ఐస్‌లోకి దించేయండి. కేఎస్‌జీఏ లేని స్ట్రెయిన్‌కు చలి పడదు. 25 డిగ్రీల్లో పెంచితే ఎదుగుదల మందగించి 17ఎస్ ప్రికర్సర్ (16ఎస్‌కు ముందు రూపం) పేరుకుంటుంది, మీ 30ఎస్ పీక్‌లో సగం తయారైనవి కలిసిపోతాయి.

సెల్స్ పగలగొట్టి, డీఎన్‌ఏజ్ వేసి, చెత్తను 30,000 జీ దగ్గర దింపేయండి. పైన మిగిలినదాన్ని అధిక ఉప్పు ఉన్న సుక్రోజ్ కుషన్ మీద వేసి రైబోజోములను పెల్లెట్ చేయండి. అమ్మోనియం క్లోరైడ్ 0.5 మోలార్‌కు తగ్గకూడదు. రైబోజోములకు అంటుకుని ఉండే ట్రాన్స్‌లేషన్ ప్రారంభ ప్రోటీన్ ఐఎఫ్3 ఈ ఉప్పుకే వదులుతుంది. ఐఎఫ్3, కేఎస్‌జీఏ రెండూ 30ఎస్ మీద ఒకే ప్రాంతం కోసం పోటీపడతాయి కాబట్టి అది మిగిలితే మీ అస్సే అక్కడే దెబ్బతింటుంది.

పెల్లెట్‌ని మెగ్నీషియం 1 మిల్లీమోలార్ ఉన్న బఫర్‌లో రాత్రంతా ఐస్ మీద మెల్లగా కరగనివ్వండి. వోర్టెక్స్ వద్దు. ఈ మెగ్నీషియం దగ్గర 70ఎస్ విడిపోయి 30ఎస్, 50ఎస్ అవుతుంది. 10–30 శాతం సుక్రోజ్ గ్రేడియెంట్, అదే మెగ్నీషియం, ఎస్‌డబ్ల్యూ28 రోటర్, 20,000 ఆర్‌పీఎం, సుమారు 16 గంటలు, 4 డిగ్రీలు. 30ఎస్ పీక్‌లో 50ఎస్ వైపున్న అంచుని వదిలేసి నడిమి ఫ్రాక్షన్లే తీసుకోండి. అత్యాశకు పోయి అంచుదాకా తీసుకుంటే 50ఎస్ కలుస్తుంది. అప్పుడు మీ పికోమోల్ లెక్కే తప్పుతుంది.

260 నానోమీటర్ల దగ్గర ఒక యూనిట్ 30ఎస్ అంటే సుమారు 70 పికోమోల్. అంటే ఒక రియాక్షన్‌కు 0.14 యూనిట్ సరిపోతుంది. చిన్న చిన్న భాగాలుగా చేసి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు.

బాపట్ల_ప్లాంట్‌పాథ్

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. కేఎస్‌జీఏ అనే పేరు కాసుగామైసిన్ నుంచి వచ్చిందే కదా? వరిలో అగ్గితెగులుకు కాసుగామైసిన్ 3 శాతం మందు లీటరు నీటికి 2.5 మి.లీ. చొప్పున కొట్టమంటాం. ఈ ఎంజైమ్ పోతే బాక్టీరియాకు ఆ మందు పనిచేయదని చదివాను. అగ్గితెగులు శిలీంధ్రంలోనూ ఇలాగే రెసిస్టెన్స్ వస్తుందా?

జీవరసాయనం

పేరు అక్కడిదే. కాసుగామైసిన్ 1965లో జపాన్‌లో ఉమెజావా బృందం బయటపెట్టిన మందు. 1970ల మొదట్లో ఈ.కోలైలో దానికి లొంగని మ్యుటెంట్లను పరిశీలిస్తే వాటి 16ఎస్‌లో డైమిథైల్ అడినిన్లు లేవని తేలింది. మామూలుగా మిథైలేషన్ వచ్చి చేరితే రెసిస్టెన్స్ వస్తుంది, ఇక్కడ మిథైలేషన్ పోతే వస్తుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. 2006లో వచ్చిన నిర్మాణాల ప్రకారం కాసుగామైసిన్ కూర్చునేది ఎంఆర్‌ఎన్‌ఏ దారిలో, జీ926, ఎ794ల దగ్గర. ఎ1518, ఎ1519లను అది నేరుగా తాకదు. ఆ మిథైల్స్ లేకపోతే హెలిక్స్ 45 పక్కనున్న హెలిక్సులతో సర్దుకునే తీరు మారుతుంది, ఆ ప్రభావం మందు కూర్చునే చోటిదాకా పోతుంది. అందుకే వచ్చే రెసిస్టెన్స్ కూడా మరీ బలమైనది కాదు.

శిలీంధ్రం సంగతి వేరు. దాని సైటోప్లాజంలోని రైబోజోములకు మిథైల్స్ పెట్టేది కేఎస్‌జీఏకు బంధువైన డిమ్1. ఈస్ట్‌లో డిమ్1 ప్రోటీన్ లేకపోతే కణం బతకదు, చిన్న సబ్‌యూనిట్ ఆర్‌ఎన్‌ఏ అయిన 18ఎస్ తయారీకే అది కావాలి. మిథైలేషన్ చేయలేని డిమ్1 ఉన్నా ఈస్ట్ బతుకుతుంది, ప్రోటీన్ అసలే లేకపోతేనే చావు. కాబట్టి బాక్టీరియాలోలా జీన్‌ని పోగొట్టుకునే దారి దానికి లేదు.

అంతమాత్రాన పొలంలో రెసిస్టెన్స్ రాదని కాదు. జపాన్‌లో 1970ల్లోనే కాసుగామైసిన్‌కు లొంగని అగ్గితెగులు శిలీంధ్రం కనిపించింది. వరి మీద వచ్చే బాక్టీరియాలైన బర్ఖోల్డేరియా గ్లూమే, అసిడోవొరాక్స్ అవెనేలలో అక్కడే ఇంకో దారి దొరికింది: మందుకే అసిటైల్ గ్రూపు తగిలించి పనికిరాకుండా చేసే ఎంజైమ్. రైబోజోమ్ జోలికే పోదు. ఒకే మందును వరుసగా కొట్టకుండా ట్రైసైక్లజోల్, ఐసోప్రోథయోలేన్ లాంటి వేరే తరహా మందులతో మార్చి కొట్టమని చెప్పడం అందుకే.

బాపట్ల_ప్లాంట్‌పాథ్

చాలా స్పష్టంగా చెప్పారు. ల్యాబ్‌లో కాసుగామైసిన్ ప్లేట్ల మీద వచ్చిన కాలనీలన్నీ కేఎస్‌జీఏ మ్యుటెంట్లే అనుకోవచ్చా?

జీవరసాయనం

అనుకోకూడదు. కాసుగామైసిన్ కణంలోకి పెప్టైడ్‌లను లాగే ఆప్, డీపీపీ పర్మియేజుల గుండా వెళ్తుంది. అవి పాడైనా కాలనీ వస్తుంది. పెప్టోన్ ఎక్కువున్న మీడియంలో పెప్టైడ్‌లు పోటీకి వచ్చి మందు తక్కువగా లోపలికి పోవడమూ ఉంటుంది. అందుకే వేరే పేపర్‌లోని గాఢతను తెచ్చి వాడకండి. మీ మీడియంలో వైల్డ్ స్ట్రెయిన్ ఎక్కడ ఆగిపోతుందో ముందు చూసుకుని దానిపైన సెలక్ట్ చేయండి. ఆ తర్వాత కేఎస్‌జీఏ జీన్‌ని పీసీఆర్ చేసి సీక్వెన్స్ చదవాలి. సీక్వెన్స్ మారలేదంటే కాలనీ వేరే కారణంతో వచ్చింది.

క్లినికల్_మైక్రో

పైన ఎర్మ్ మాట వచ్చింది కాబట్టి హాస్పిటల్ ల్యాబ్‌ల కోసం రెండు ముక్కలు. స్టాఫ్ (స్టాఫిలోకాకస్)లో ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్‌లకు రెసిస్టెన్స్ ఇచ్చే ఎర్మ్ ఉండి కూడా మామూలు డిస్క్ టెస్ట్‌లో క్లిండమైసిన్ సెన్సిటివ్‌గా కనిపించవచ్చు. ఎర్మ్‌సీ ఎంఆర్‌ఎన్‌ఏ ముందు 19 అమైనో ఆమ్లాల చిన్న లీడర్ పెప్టైడ్ ఉంటుంది. ఎరిత్రోమైసిన్ ఉన్నప్పుడు రైబోజోమ్ దాని మధ్యలో ఆగిపోయి, మూసుకున్న ఎంఆర్‌ఎన్‌ఏ ముడి విడివడి, ఎంజైమ్ తయారవుతుంది. క్లిండమైసిన్ ఒక్కటే ఉంటే ఆ పని జరగదు.

అందుకే డి-టెస్ట్. ముల్లర్-హింటన్ అగార్, 0.5 మెక్‌ఫార్లాండ్ సాంద్రతలో బాక్టీరియా, ఎరిత్రోమైసిన్ 15 మైక్రోగ్రాముల డిస్క్, క్లిండమైసిన్ 2 మైక్రోగ్రాముల డిస్క్. స్టాఫ్‌కు అంచు నుంచి అంచుకు 15–26 మి.మీ. దూరం, 35 డిగ్రీలు, 16–18 గంటలు. బీటా హీమొలిటిక్ స్ట్రెప్‌కు రక్తం కలిపిన అగార్, 12 మి.మీ., 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 20–24 గంటలు. ఎరిత్రోమైసిన్ వైపు క్లిండమైసిన్ జోన్ డి అక్షరంలా చదునైతే క్లిండమైసిన్ రెసిస్టెంట్ అనే రిపోర్ట్ ఇవ్వాలి. కంట్రోల్‌కు ఏటీసీసీ బీఏఏ-977 పాజిటివ్, బీఏఏ-976 నెగెటివ్. 976లో ఉండేది ఎంఎస్‌ఆర్‌ఏ అనే రెసిస్టెన్స్ జీన్, అది మిథైలేషన్‌తో సంబంధం లేనిది.

డిస్పెన్సర్ వేసే దూరం ఎక్కువైతే డి ఆకారం కనబడకుండా పోతుంది. ఈ రెండు డిస్కులు పక్కపక్కనే పడేలా కార్ట్రిడ్జ్‌లు అమర్చుకోవాలి.

అనూష_పీహెచ్‌డీ

గ్రేడియెంట్ గారూ, జేడబ్ల్యూ0050 నుంచి తీసిన 30ఎస్‌తో ఫలితం: 10 మైక్రోలీటర్లకు బ్లాంక్ పోగా 3,200 సీపీఎం, అక్కడే ప్లాటో. అంటే 30ఎస్‌కు 2.05. ఎంజైమ్ రెట్టింపు చేసినా మారలేదు. గ్రేడియెంట్ తర్వాత 30ఎస్‌ని టోప్రింటింగ్ (ఎంఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్ ఎక్కడుందో చూసే పద్ధతి) ప్రోటోకాల్ ప్రకారం మెగ్నీషియం 20 మిల్లీమోలార్‌లో 42 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు యాక్టివేట్ చేసి, అదే స్టాక్ వాడుతున్నాం.

గ్రేడియెంట్

చివరి వాక్యం దగ్గర ఆగండి. ఆ యాక్టివేషన్ ట్రాన్స్‌లేషన్ ప్రయోగాలకు కావాలి, ఇక్కడ అదే అడ్డు. 30ఎస్‌కు రెండు రూపాలు ఉంటాయి. మెగ్నీషియం బాగా తక్కువైతే ట్రాన్స్‌లేషన్ చేయలేని 'ఇనాక్టివ్' రూపంలోకి వెళ్తుంది, ఎక్కువ మెగ్నీషియంలో వేడిచేస్తే తిరిగి యాక్టివ్ అవుతుంది. కేఎస్‌జీఏకు నచ్చేది ఇనాక్టివ్ రూపం. యాక్టివ్ రూపం మీద మిథైలేషన్ చాలా తక్కువ. ఆలోచిస్తే న్యాయంగానే ఉంటుంది, కణంలో దాని పని ఇంకా ట్రాన్స్‌లేషన్‌లోకి దిగని 30ఎస్ మీదే కదా.

మీ స్టాక్‌లో రెండు రూపాలూ కలిసి ఉన్నాయని నా అంచనా. ఎంజైమ్ రెట్టింపు చేసినా ప్లాటో కదలలేదు కాబట్టి లోటు సబ్‌స్ట్రేట్‌దే. యాక్టివేట్ చేయని స్టాక్‌ని మెగ్నీషియం 1 మిల్లీమోలార్‌లో డయలైజ్ చేసి, నేరుగా అస్సే బఫర్‌లో కలపండి. పక్కనే యాక్టివేట్ చేసిన స్టాక్‌తో ఇంకో ట్యూబ్ పెట్టండి. తేడా అదే చెబుతుంది.

తిరుపతి_బయోకెమ్

దానికి ముందు కౌంటింగ్ కూడా సరిచూడాలి. కాగితం మీద ట్రిటియం కౌంట్లు ద్రావణంలో వచ్చినన్ని రావు, బీటా కణాలకు అంత బలం లేదు, కాగితమే మింగేస్తుంది. 780 అనే సంఖ్య ద్రావణంలో తీసిందైతే మీ 2.05 నిజానికి అంతకంటే ఎక్కువ కావచ్చు. కొలత తెలిసిన సామ్‌ని అదే డీఈ81 ముక్క మీద వేసి, కడగకుండా ఆరబెట్టి, అదే వయల్‌లో కౌంట్ చేయండి. ఆ సంఖ్యతోనే భాగించాలి.

బ్లాంక్ 150 పర్వాలేదు. సామ్ ధనావేశంతో ఉంటుంది కాబట్టి డీఈ81కు అంటదు, ఆర్‌ఎన్‌ఏ అంటుకుంటుంది, ఆ కాగితం వాడేదే అందుకు. అయినా కాగితం మీద ముందుగా 10 మైక్రోలీటర్ల 100 మిల్లీమోలార్ మామూలు సామ్ వేసి ఉంచితే రియాక్షన్ అక్కడికక్కడ ఆగుతుంది, బ్లాంక్ కూడా తగ్గుతుంది.

సామ్ స్టాక్ వయసు కూడా చూడండి. పీహెచ్ 7 దాటితే నిల్వలోనే విరిగిపోతుంది. పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, కొంచెం ఇథనాల్‌తో, చిన్న భాగాలుగా గడ్డకట్టించి ఉంచాలి. ఇంకోటి: గైగర్ కౌంటర్‌కు ట్రిటియం కనిపించదు. బెంచ్ మీద ఏమీ మోగలేదని శుభ్రంగా ఉందనుకోవద్దు. తడి ఫిల్టర్ కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని సింటిలేషన్‌లో లెక్కించండి.

జీవరసాయనం

నెగెటివ్ కంట్రోల్‌గా బ్లాంక్ ఒక్కటే చాలదు. కేఎస్‌జీఏ ఇ66ఎ మ్యుటెంట్ (66వ గ్లుటమేట్ స్థానంలో అలనిన్ ఉన్నది) ప్రోటీన్ పెట్టండి. 30ఎస్‌కు అంటుకుంటుంది, మిథైల్ మాత్రం పెట్టలేదు. దాన్ని కణాల్లో ఎక్కువగా తయారుచేయిస్తే ఎదుగుదలే దెబ్బతింటుంది. మిథైలేషన్ జరిగితేనే కేఎస్‌జీఏ 30ఎస్‌ని వదులుతుంది, లేకపోతే పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ఇండక్షన్ తక్కువ సమయం పెట్టుకోండి. వైల్డ్ ప్రోటీన్‌కైనా నికెల్ కాలమ్ మీద 1 మోలార్ సోడియం క్లోరైడ్ వాష్ ఇవ్వండి. 260/280 నిష్పత్తి 1 దాటి ఉంటే ప్రోటీన్‌తో ఆర్‌ఎన్‌ఏ వచ్చేసిందన్నమాట, కోమాసీ జెల్ మీద అది కనబడదు.

అనూష_పీహెచ్‌డీ

డయలైజ్ చేసిన స్టాక్, కాగితం మీదే తీసిన కొత్త సీపీఎం విలువ, రెండూ కలిపితే 3.6కు చేరింది. యాక్టివేట్ చేసిన ట్యూబ్ బాగా కిందే ఉంది. అందరికీ ధన్యవాదాలు. కణంలో మిథైలేషన్ ఉందో లేదో ట్రిటియం లేకుండా చూడాలంటే ప్రైమర్ ఎక్స్‌టెన్షన్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాయించి ఎక్కడ ఆగిందో చూడటం) సరిపోతుందా?

మాస్‌స్పెక్_మూర్తి

ఎర్మ్‌కు బాగా పనిచేస్తుంది, ఎ2058 మీద రెండు మిథైల్స్ ఉంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ దానికి ఒక అడుగు ముందే ఆగుతుంది. ఒక్క మిథైల్ ఉంటే ఆగదు, అది గుర్తుంచుకోండి. మీ విషయంలో చిక్కు వేరు. 16ఎస్ పొడవు 1,542, మీ అడినిన్లు 1518, 1519. ప్రైమర్ అతుక్కోవడానికి మిగిలేది 23 న్యూక్లియోటైడ్లే. 20 న్యూక్లియోటైడ్ల ప్రైమర్‌ను కొసకు పెడితే ఎంజైమ్ మూడు అక్షరాలు రాసి ఆగిపోతుంది. ఆ పొట్టి బ్యాండ్‌ను వాడని ప్రైమర్ నుంచి విడదీసి చదవడం కష్టం.

ఆర్‌ఎన్‌ఏని కోసే కొలిసిన్ ఇ3తో 16ఎస్‌ని 1493, 1494ల మధ్య కోసి, వచ్చిన 49 న్యూక్లియోటైడ్ల 3-ప్రైమ్ ముక్కను తీసుకోవడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. ఇప్పుడైతే ఆర్‌ఎన్‌ఏని న్యూక్లియేజ్ పీ1తో, తర్వాత ఫాస్ఫటేజ్‌తో న్యూక్లియోసైడ్ల దాకా విరగ్గొట్టి ఎల్‌సీ-ఎంఎస్ (లిక్విడ్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ)లో చూడటమే నయం. చూడవలసిన ఎం/జెడ్ (ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి) మార్పు డైమిథైల్ అడినోసిన్‌కు 296 నుంచి 164కు, ఒక మిథైల్ ఉన్నదానికి 282 నుంచి 150కి. ఈ.కోలై ఆర్‌ఆర్‌ఎన్‌ఏలో డైమిథైల్ అడినోసిన్ ఉన్నది ఈ రెండు చోట్లే, కాబట్టి 296 శిఖరాన్ని నమ్మవచ్చు. అన్‌మాడిఫైడ్ అడినోసిన్‌తో నిష్పత్తి తీయండి, డిలీషన్ స్ట్రెయిన్ ఆర్‌ఎన్‌ఏ పక్కన పెట్టండి.

282 శిఖరంతో మాత్రం జాగ్రత్త. సగం పనిచేసే మ్యుటెంట్ ఒక మిథైల్‌తో ఆగిందా అని చూడాలంటే 23ఎస్ అస్సలు కలవకూడదు. 23ఎస్‌లో 1618, 2030 దగ్గర ఎన్6-మిథైల్ అడినోసిన్ ఉంటుంది, 2503 దగ్గర 2-మిథైల్ అడినోసిన్ ఉంటుంది. వీటన్నిటికీ అదే 282, అదే 150. గ్రేడియెంట్‌లో 30ఎస్‌ని విడిగా తీసి, దాని ఆర్‌ఎన్‌ఏనే జీర్ణం చేయండి. 2-మిథైల్, ఎన్6-మిథైల్ రెండింటి స్టాండర్డ్లూ అదే కాలమ్ మీద నడిపి, ఏది ఏ నిమిషంలో వస్తుందో ముందే రాసిపెట్టుకోండి.